పది గ్రాముల దారం: ఒక వేసవి ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 9

అమ్మ చెప్పులు కడుగుతుండగా నా వేలికి ఏదో గుచ్చుకుంది. తిప్పి చూస్తే ఎడమ చెప్పు అడుగు నుంచి లోపలికి దూసుకొచ్చిన తుమ్మముల్లు కనిపించింది. ఆ చెప్పులతోనే ఆమె రెండు రోజులుగా పెరట్లోకీ గుడికీ తిరిగింది. పాదం ఎత్తి చూస్తే బొటనవేలి మొదట్లో ఎండిపోయిన రక్తపు చుక్క ఉంది. "ఎప్పుడు గుచ్చుకుందో నాకేం తెలుసురా, తెలిస్తే తీసి పారెయ్యనా?" అని ఆమె నన్నే అడిగింది. వెంటనే తీసుకెళ్ళి ధనుర్వాతపు ఇంజెక్షను వేయించి, కట్టు కట్టించుకొని వచ్చాము.

విచిత్రమేమిటంటే, ముల్లు గుచ్చుకున్నా తెలియని ఇదే పాదం రాత్రి పదయ్యేసరికి నిప్పుల మీద పెట్టినట్లు మండుతోందని ఆమె తడిగుడ్డ చుట్టుకొని కూర్చుంటుంది. ఆమెకు చక్కెర వ్యాధి వచ్చి పదిహేడేళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో చూపించుకున్న ప్రతిచోటా రక్తపరీక్ష రాసినవారే గాని, చెప్పు విప్పించి పాదం చూసినవారు లేరు. ఇరవయ్యేళ్ళుగా ఇంటర్మీడియట్ పిల్లలకు నాడీవ్యవస్థ పాఠం చెబుతున్న నేను కూడా చూడలేదు కాబట్టి ఇతరులను ఆడిపోసుకోవడానికి నాకు పెద్ద హక్కేమీ లేదు. తగిలినది తెలియకపోవడం, ఏమీ తగలకుండానే మండడం అనే ఈ రెండూ ఒకే పాదంలో ఎలా ఇమిడాయో ఈ వేసవి సెలవుల్లో నా చేతులతో కొలిచి చూడాలనుకుంటున్నాను. ముందుగా స్పర్శను పరీక్షించడానికి, పది గ్రాముల బలానికి వంగే నైలాన్ దారం ఒకటి తయారు చేయాలి.

ఏప్రిల్ 12

స్పర్శను కొలవడానికి వెంట్రుకను వాడవచ్చని 1890ల్లో జర్మనీ శరీరధర్మ శాస్త్రవేత్త మాక్స్ ఫాన్ ఫ్రే చూపించాడు. వేర్వేరు మందాల వెంట్రుకలను, ముఖ్యంగా గుర్రపు వెంట్రుకలను పుల్లలకు అతికించి, ఒక్కొక్క దానితో చర్మాన్ని నొక్కుతూ ఎక్కడ తెలుస్తోందో, ఎక్కడ తెలియడం లేదో పటం గీశాడు. చర్మం మీద స్పర్శ తెలిసే చుక్కలు వేరు, నొప్పి పుట్టే చుక్కలు వేరు అని తేలింది అలాంటి పటాల వల్లనే. తర్వాతి కాలంలో గుర్రపు వెంట్రుక స్థానంలో నైలాన్ దారం వచ్చింది. చక్కెర వ్యాధిగ్రస్తుల పాదాలను పరీక్షించడానికి వైద్యులు వాడేది పది గ్రాముల బలానికి వంగే దారాన్నే.

ఈ పరికరంలోని తెలివంతా వంగడంలోనే ఉంది. నిలువుగా పట్టిన సన్నని దారాన్ని నొక్కుకుంటూ పోతే ఒక బలం వరకు అది నిటారుగా నిలబడి, ఆ తర్వాత విల్లులా వంగుతుంది. ఒకసారి వంగాక ఇంకాస్త నొక్కినా బలం పెద్దగా పెరగదు. అందువల్ల పరీక్షించేవారి చెయ్యి కాస్త వణికినా, కాస్త ఎక్కువగా నొక్కినా చర్మానికి అందే బలం ఇంచుమించు ఒకటిగానే ఉంటుంది. వంగడానికి కావలసిన బలం దారం వ్యాసానికి నాలుగో ఘాతంగా పెరుగుతుంది, పొడవు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. పొడవు సగం చేస్తే నాలుగింతల బలం కావాలన్నమాట. మందం తప్పితే దిద్దుకోవడం కష్టం, పొడవు తప్పితే కత్తెర చాలు.

గాలాలు అమ్మే కొట్లో 0.20, 0.30, 0.40, 0.50 మిల్లీమీటర్ల నైలాన్ దారాలు నాలుగు చుట్టలు కొన్నాను. చేపలు పట్టను గాని పాదాలు చూస్తానని చెబితే కొట్టతను నా ముఖం కాసేపు పరీక్షగా చూశాడు.

ఏప్రిల్ 15

మొదటి దారాలన్నీ పనికిరాకుండా పోయాయి. చుట్టలోంచి తీసిన దారం ఆ వంపును మరచిపోదు కాబట్టి నిటారుగా నిలబడకుండానే పక్కకు ఒరిగిపోతోంది. ముందే వంగి ఉన్న దారం తక్కువ బలానికే లొంగిపోతుంది. చివరకు ఒక్కొక్క ముక్కకూ కింద తాళంచెవుల గుత్తి కట్టి, కాగిన నీళ్ళ గిన్నెలో వేలాడదీసి, అలాగే చల్లారనిచ్చాను. ఇప్పుడు నిటారుగా ఉన్నాయి.

ఐస్‌క్రీమ్ పుల్ల చివర అడ్డంగా గాడి చేసి, అందులో దారం పెట్టి ఫెవిక్విక్‌తో అతికించాను. బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా మీద నొక్కి చూస్తే, 0.50 మిల్లీమీటర్ల దారం 40 మిల్లీమీటర్ల పొడవుకు సగటున 8.6 గ్రాములు చూపింది. లెక్కగట్టి 37 మిల్లీమీటర్లకు కత్తిరించాక 10.0 దగ్గర నిలిచింది. ఇలా సూత్రం ప్రకారం కత్తిరిస్తే సూత్రం ప్రకారమే అంకె రావడం చూసి చాలా రోజులైంది. ఆ సంతోషంలో అమ్మను పిలిచి కాటా చూపించాను. "బాగుంది" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 16

తెల్లవారుజామున అదే దారం, అదే కాటా, అంకె మాత్రం 8.9. రాత్రంతా సముద్రపు గాలి వీచింది. నైలాన్ గాలిలోని తేమను పీల్చుకొని మెత్తబడుతుంది. ఆ సంగతి చదివి తెలుసుకున్నదే అయినా బాపట్లలో ఉంటూ మరచిపోయాను. దారాలను సిలికా జెల్ పొట్లాలతో స్టీలు డబ్బాలో పెట్టి, వాడబోయే ప్రతిసారీ ముందుగా కాటా మీద సరిచూసి, అంకె రాసుకున్నాకే పరీక్షకు తీయాలని నియమం పెట్టుకున్నాను. వరుసగా చాలాసార్లు వంచినా దారం అలసిపోతుంది కనుక మూడు ప్రతులు చేసి వంతులవారీగా వాడుతున్నాను.

ఏప్రిల్ 20

సెలవుల్లో కూడా వచ్చే ఇద్దరు విద్యార్థులు మొదటి నమూనాలయ్యారు. కళ్ళు మూసుకోమని అరికాలిని నొక్కితే ఇద్దరూ ఒకే మాట అన్నారు: "సూది గుచ్చినట్లుంది సార్." బలం పది గ్రాములే, కాని భూతద్దంలో చూస్తే కత్తెరతో కోసిన చివర ఏటవాలుగా, ఉలిలా ఉంది. నాలుగు వందల నంబరు ఉప్పుకాగితంతో ఆ చివరను గుండ్రంగా అరగదీశాక "ఏదో తగిలింది" అన్నారు తప్ప "గుచ్చుకుంది" అనలేదు.

ఈ చిన్న పొరపాటు వల్ల పాఠం మొత్తం కళ్ళముందుకు వచ్చింది. గుండ్రని చివర నొక్కినప్పుడు చర్మంలో స్పర్శను పసిగట్టే మెర్కెల్ కణాలూ మెయిస్నర్ కణికలూ స్పందించి, మైలిన్ అనే కొవ్వు తొడుగున్న లావుపాటి ఎ-బీటా నాడీతంతువులను ప్రేరేపిస్తాయి. వాటిలో ప్రచోదనం, అంటే నాడి మోసే విద్యుత్ సంకేతం, సెకనుకు సుమారు 35 నుంచి 75 మీటర్ల వేగంతో పోతుంది. పదునైన చివరైతే చర్మంలో విడిగా అల్లుకొని ఉన్న సన్నని నాడీకొసలను కూడా కదుపుతుంది. కణజాలానికి హాని కలిగించగల ఉద్దీపనను పసిగట్టే ఈ ప్రక్రియకు నోసిసెప్షన్ అని పేరు పెట్టినవాడు బ్రిటన్‌కు చెందిన చార్లెస్ షెరింగ్టన్. తెలుగులో దీన్ని "హాని పసిగట్టడం" అని చెబితే పిల్లలకు అర్థమవుతోంది. "నొప్పి" అని చెబితే తప్పు అర్థమవుతోంది, ఎందుకంటే హానిని పసిగట్టడం నాడికొస చేసే పని, నొప్పి మెదడు చేరాక మనిషికి కలిగే అనుభవం.

ఏప్రిల్ 23

అమ్మ వంతు. ముందు అరచేతి మీద తగిలించి "ఇలా తెలుస్తుంది" అని చూపించి, తర్వాత కళ్ళు మూసుకోమన్నాను. కాయలు కాసిన చోట్లను వదిలి, ఒక్కొక్క పాదంలో బొటనవేలి కొస, వేళ్ళ మొదట్లో మూడు చోట్ల, మొత్తం నాలుగు చోట్ల పరీక్షించాను. దారం వంగేదాకా నొక్కి, ఒకటి రెండు సెకన్లు ఉంచి, తీసేశాను. ప్రతిచోటా రెండుసార్లు నిజంగా, ఒకసారి ఉత్తుత్తిగా చేశాను. ఆ ఉత్తుత్తి నొక్కుడు చాలా అవసరం. "తెలుస్తోందా?" అని అడిగిన ప్రతిసారీ కొడుకును నొప్పించడం ఇష్టంలేని తల్లి "ఆఁ తెలుస్తోంది" అంటుంది. మొదట రెండుసార్లు అలాగే అన్నది, అప్పుడు దారం నా చేతిలోనే ఉంది.

ఎడమ పాదంలో నాలుగింటికి నాలుగు చోట్లా తెలియలేదు. కుడి పాదంలో చిటికెన వేలి మొదట్లో మాత్రం రెండుసార్లూ తెలిసింది. చేతివేళ్ళకు మాత్రం 0.30 మిల్లీమీటర్ల దారం కూడా చక్కగా తెలుస్తోంది.

చేతులు బాగుండి పాదాలే ముందు దెబ్బతినడానికి కారణం పొడవు. బొటనవేలి చర్మంలో కొసలున్న స్పర్శ నాడీకణం తాలూకు కణదేహం నడుము దగ్గర, వెన్నుపాము పక్కన ఉంటుంది. అదే కణం రెండో కొస వెన్నుపాము వెంబడి మెడ దాటి మెదడు కింది భాగమైన మజ్జాముఖం దాకా వెళుతుంది. అంటే అయిదడుగుల మనిషిలో దాదాపు నాలుగున్నర అడుగుల ఒకే ఒక్క కణం. అంత దూరపు కొసకు కావలసిన సరుకంతా నడుము దగ్గరి కణదేహమే తయారుచేసి పంపాలి. ఏళ్ళ తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉండి, నాడిని పోషించే సన్నని రక్తనాళాలు, నాడి లోపలి జీవక్రియలు దెబ్బతిన్నప్పుడు అన్నిటికంటే పొడవైన తీగల చివర్లే ముందు ఎండుతాయి. కాలువ చివరి పొలానికి నీరందని మాట డెల్టాలో పుట్టినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. నష్టం మేజోళ్ళు తొడిగినట్లు వేళ్ళ నుంచి పైకి పాకేది అందుకే.

ఏప్రిల్ 24

జామెట్రీ పెట్టెలోని డివైడరు మొనలు అరగదీసి, రెండు మొనల పరీక్ష కూడా చేశాము. లైప్‌జిగ్‌లో ఎర్నెస్ట్ వేబర్ 1834లో ప్రచురించిన పద్ధతి ఇది. వేలికొస మీద రెండు మూడు మిల్లీమీటర్ల దూరానికే రెండు మొనలని తెలుస్తుంది, పిక్క మీదనైతే నాలుగు సెంటీమీటర్లున్నా ఒకటే అనిపిస్తుంది. విద్యార్థులు నమ్మలేక ఒకరి పిక్క మీద ఒకరు సాయంత్రం దాకా కొలుచుకున్నారు. అమ్మ విషయంలో ఇది కొత్తగా చెప్పేదేమీ లేదు.

మే 3

తెలియకపోవడం సంగతి తేలింది. ఇక మంట సంగతి చూడాలి. మంట పుట్టించే వస్తువు లేకుండా మంట పుట్టించే ఒక పాత ప్రయోగం ఉంది. స్వీడన్‌కు చెందిన టోర్‌స్టెన్ థున్‌బెర్గ్ 1896లో వర్ణించిన ఉష్ణజాలిక అది. గోరువెచ్చని కడ్డీ, చల్లని కడ్డీ ఒకదాని పక్కన ఒకటిగా పేర్చి వాటి మీద అరచెయ్యి ఆనిస్తే, విడివిడిగా హాయిగా ఉండే ఆ రెండూ కలిసి కాల్చినట్లు అనిపిస్తాయట. దానికోసం ఉష్ణోగ్రత చూపే చిన్న సర్క్యూట్ చేస్తూ ఈ రోజు సోల్డరింగ్ ఐరన్‌ను తప్పు చోట పట్టుకున్నాను.

పట్టుకున్న క్షణంలో జరిగినదాన్ని గుర్తున్నంతవరకు రాస్తున్నాను. చెయ్యి ముందే వెనక్కి వచ్చేసింది. అది వెన్నుపాములోనే తేలిపోయే తీర్పు, మెదడు దాకా వార్త వెళ్ళే పనిలేదు. ఆ తర్వాత సూదితో పొడిచినట్లు సరిగ్గా ఫలానా చోటని చెప్పగలిగే చురుకు. ఆపైన ఒక చిన్న విరామం. "అబ్బే, ఏం కాలేదు" అని అనుకునేంత విరామం. అప్పుడు వచ్చింది అసలు మంట, వేలంతా పరుచుకొని, చోటు చెప్పలేనట్లుగా. మొదటి చురుకును తెచ్చింది సన్నని మైలిన్ తొడుగున్న ఎ-డెల్టా తంతువులు, సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగంతో. రెండోదాన్ని తెచ్చింది తొడుగు లేని సి-తంతువులు, సెకనుకు అర మీటరు నుంచి రెండు మీటర్ల వేగంతో. వేలి నుంచి వెన్నుపాముకు మీటరులోపు దూరమే కాబట్టి ఆ విరామం సెకను అటూ ఇటూగా ఉండాలి, ఉంది. నాడుల వేగాలకూ మందాలకూ ఉన్న ఈ సంబంధాన్ని తేల్చినందుకు ఎర్లాంగర్, గాసర్‌లకు 1944లో నోబెల్ బహుమతి వచ్చింది. నాకు బొబ్బ వచ్చింది.

కుళాయి కింద వేలు పెట్టి, రెండో చేత్తో మణికట్టును రుద్దుకుంటూ నిలబడ్డాను. రుద్దుకోవడం ఎవరూ నేర్పరు. స్పర్శను మోసే లావు తంతువుల ప్రచోదనాలు వెన్నుపాములోని వెనుక కొమ్ము అనే భాగంలో నొప్పి సందేశానికి అడ్డుతలుపు వేస్తాయని 1965లో మెల్జాక్, వాల్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు. వారి నమూనాలోని వివరాలు తర్వాత చాలా మారాయి గాని, నొప్పికి దారిలో తలుపులున్నాయన్న మాట నిలిచింది. దీనికి అమ్మ పాదంతో ఉన్న సంబంధం కుళాయి దగ్గరే తట్టింది: ఆమెకు తలుపు వేసే తంతువులే పోయాయి.

మే 5

ఇంట్లో ఆవకాయ పని. కారం కలిపిన చేతులు మండుతున్నాయని అమ్మ నూనె రాసుకుంటోంది. కారానికి ఘాటునిచ్చే కాప్సైసిన్ అనే పదార్థం నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది కాబట్టి ఆమె చేస్తున్నది సరైన పనే. గుంటూరు మిరపకాయ ఘాటు నిజానికి రుచి కాదు. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి తెరుచుకునే టీఆర్‌పీవీ1 అనే ద్వారం నాడికొసల పొరలో ఉంటుంది. కాప్సైసిన్ అదే ద్వారాన్ని వేడి లేకుండానే తెరుస్తుంది. వార్త పంపే తీగ ఒకటే కాబట్టి మెదడుకు అందేది "కాలింది" అన్న వార్తే. 1997లో డేవిడ్ జూలియస్ బృందం ఈ ద్వారపు జన్యువును పట్టుకుంది. 2021లో ఆయన, ఒత్తిడిని పసిగట్టే పీజో ద్వారాలను కనుగొన్న ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. పక్షుల్లో ఈ ద్వారం కాప్సైసిన్‌కు లొంగదు. పంజరంలో రామచిలక పండుమిరపకాయను జామపండులా తినడం వెనుక ఉన్నది ధైర్యం కాదు.

రాత్రి ఆమె అరికాళ్ళకు అమృతాంజనం రాసుకుంటుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన ఆ పసుపు లేపనంలోని మెంథాల్, చల్లదనానికి తెరుచుకునే టీఆర్‌పీఎమ్8 అనే మరో ద్వారాన్ని తెరుస్తుంది. అది పాదాన్ని ఒక్క డిగ్రీ కూడా చల్లబరచదు, చల్లబడిందన్న వార్త మాత్రం పంపుతుంది. ఈ మధ్య అది కూడా పనిచేయడం లేదని ఆమె ఫిర్యాదు. చల్లదనాన్ని మోసేవి కూడా సన్నని తంతువులే. అవీ పోతున్నాయేమో.

మే 11

ఉష్ణజాలిక మొదటి రూపం పూర్తయింది. ఏసీ మరమ్మతు చేసే కొట్లో దొరికిన రాగి గొట్టాలను పన్నెండు ముక్కలు కోసి, మూడు మిల్లీమీటర్ల సందుతో పేర్చి, ఒకటి విడిచి ఒకటి రబ్బరు గొట్టాలతో కలిపాను. చేపల తొట్టి పంపులు రెండు వాడాను. వెచ్చని నీటికి కష్టపడనక్కర్లేదు, ఈ ఎండలకు మిద్దె మీది ట్యాంకు నీళ్ళే 40 డిగ్రీలున్నాయి. చల్లని నీటికి ఐసు ముక్కలు.

నలుగురు చెయ్యి పెట్టారు. ఎవరికీ మంట తెలియలేదు. ఒకరు మర్యాదకు "కొద్దిగా వింతగా ఉంది సార్" అన్నారు.

మే 14

గొట్టాల మీదనే కొలిస్తే తప్పు దొరికింది. తొట్టిలో 20 డిగ్రీలున్న నీరు, 38 డిగ్రీల గదిలో సన్నని గొట్టాల గుండా పోయి చివరి కడ్డీకి చేరేసరికి 26 అవుతోంది. వెచ్చని కడ్డీలు పక్కవాటికి వేడినిచ్చి 36కు పడిపోతున్నాయి. పంపు వేగం పెంచి, కింద థర్మోకోల్ పరచి, రబ్బరు గొట్టాలకు గుడ్డ చుట్టి, చల్లని తొట్టిని 16కు దించాక కడ్డీల మీద 20, 40 నిలిచాయి. ఏ కడ్డీ 42 దాటకుండా చూసుకుంటున్నాను, చర్మం నిజంగా కాలే అవకాశం ఉంటే ఈ ప్రయోగానికి అర్థమే లేదు.

మే 20

ముందు వెచ్చని కడ్డీలొక్కటే: హాయిగా ఉంది. చల్లనివొక్కటే: చల్లగా ఉంది. రెండూ కలిపి: అరచెయ్యి ఆనించిన మూడు నాలుగు సెకన్లకు నా చెయ్యి దానంతట అదే లేచింది. అంకెలు రాసింది నేనే, గొట్టాలు పేర్చింది నేనే, 40 డిగ్రీలు కాలదని తెలిసినవాణ్ణి నేనే. అయినా మళ్ళీ పెట్టినప్పుడు మళ్ళీ మండింది. పొయ్యి మీది పెనం తగిలినట్లు కాదు, మంచుముక్కను చాలాసేపు పట్టుకున్నప్పుడు వచ్చే మంటకు దగ్గరగా ఉంది. విద్యార్థుల్లో ఒకరికి స్పష్టంగా మండింది, మరొకరికి ఎన్నిసార్లు పెట్టినా ఏమీ కాలేదు. ఇది అందరికీ ఒకేలా కలిగే భ్రమ కాదు.

1994లో క్రెయిగ్, బుష్‌నెల్ అనే పరిశోధకులు ఇచ్చిన వివరణ ఇలా సాగుతుంది. 20 డిగ్రీల చల్లదనం కొంతవరకు మంట దారిలోని వెన్నుపాము కణాలను కూడా కదుపుతుంది. మామూలుగా చల్లదనపు దారి ఎక్కువ బలంగా పలికి ఆ మంటను అణచి ఉంచుతుంది. పక్కనే వెచ్చని కడ్డీ ఉన్నప్పుడు చల్లదనపు దారి గొంతు తగ్గుతుంది, మంట దారి గొంతు తగ్గదు. మూత తీసినట్లు మంట బయటపడుతుంది. వెచ్చదనం, చల్లదనం విడివిడిగా ఉన్నప్పుడు స్పందించని మెదడు భాగం, యాంటీరియర్ సింగ్యులేట్, ఈ జాలిక మీద చెయ్యి పెట్టినప్పుడు స్పందించడం తర్వాత మెదడు చిత్రాల్లో కూడా కనిపించింది. చర్మంలో హాని లేదు, హానిని పసిగట్టే కొసలకు పెద్దగా పనీ లేదు. రెండు దారుల మధ్య తూకం మారింది, అంతే. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరిస్తూ, కణజాలానికి నష్టం జరిగినప్పుడు కలిగే అనుభవాన్ని పోలినది కూడా నొప్పేనన్న అర్థాన్ని అందులో చేర్చింది. ఆ "పోలినది" అన్న మాట నా అరచేతికి ఈ రోజు అర్థమైంది.

మే 21

ప్రయోగం చూస్తానని అమ్మే అడిగింది. పాదాలు పెట్టనివ్వలేదు, స్పర్శ లేని చర్మం మీద ప్రయోగాలు చేయకూడదు. చేతులు బాగున్నాయి కాబట్టి అరచెయ్యి పెట్టమన్నాను. పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, కాసేపు ఉంచింది.

"ఇదేరా. రాత్రి నా కాళ్ళకొచ్చేది ఇదే మంట."

ఒక పెద్దావిడ ఒక మాటన్నంత మాత్రాన అది రుజువు కాదని నాకు తెలుసు. దెబ్బతిన్న తంతువులు ఏ ఉద్దీపనా లేకుండా వాటంతట అవే ప్రచోదనాలు పుట్టించడం చక్కెర వ్యాధి మంటలకు ముఖ్యమైన కారణం, దానికి ఈ రాగి గొట్టాలతో పనిలేదు. అణచి ఉంచే తంతువులు ముందు పోతే మిగిలినవాటి మాటే చెల్లుతుందన్నది దానికి తోడయ్యే వివరణ. కాని ఇన్నేళ్ళుగా ఆమె "మంట" అంటుంటే, ముట్టుకుంటే చల్లగా ఉన్న పాదాన్ని చూసి మేమంతా "ఏమీ లేదు కదమ్మా" అంటూ వచ్చాము. ఈ రోజు ఆమె నా చెయ్యి పట్టి కడ్డీల మీద పెట్టి, "ఏమీ లేదు కదా?" అని అడిగింది.

జూన్ 2

దారంతో వచ్చిన ఫలితాల కాగితం చూపించాక వైద్యురాలు తన దారంతో తానే మళ్ళీ పరీక్షించారు. ఎడమ పాదం విషయంలో ఇద్దరి ఫలితాలూ ఒకటే. రాత్రి మంటకు ప్రీగాబలిన్ తక్కువ మోతాదులో రాశారు. అది పాదం మీద కాదు, నాడీకణాల కాల్షియం ద్వారాల మీద పనిచేసి సందేశాన్ని తగ్గిస్తుంది. మామూలు నొప్పి మాత్రలు ఇన్నాళ్ళూ పనిచేయకపోవడానికి కారణం ఇప్పుడు అమ్మకు కూడా తెలుసు. మెత్తని ఎం.సి.ఆర్. (సన్నని గాలిగదులున్న రబ్బరు) అట్ట వేసిన చెప్పులు కొన్నాము. తొడుక్కునే ముందు చెప్పు తిరగేసి దులపడం, లోపల చేత్తో తడమడం ఆమె పని. రాత్రి టార్చి వేసి అరికాళ్ళు చూడడం నా పని.

మొదటి దారం ఈ ఉదయం కాటా మీద 8.1 చూపింది, అలసిపోయింది. రెండో ప్రతి 9.9. దానితోనే చూశాను: ఎడమ పాదం నాలుగు చోట్లా లేదు, కుడి చిటికెన వేలి మొదట్లో రెండుకు రెండు. ఉత్తుత్తిగా చేసినప్పుడు "ఇప్పుడు నొక్కలేదు కదూ" అన్నది.